కోయి కొలనుకు ఫిల్టర్ కట్టడం ఎలా: మేత లెక్క నుంచి మొదటి చేప దాకా

కోయి అనే రంగుల అలంకార చేపల కోసం మొదటి కొలను కట్టినప్పుడు నేను ఫిల్టర్‌ను నీళ్ళ అందంతో కొలిచాను. యూవీ దీపం పెట్టిన పది రోజుల్లో పచ్చదనం పోయింది. నాలుగడుగుల లోతున ఉన్న అడుగు అద్దంలో చూసినట్టు కనిపించేది. చూడవచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాతి వారం చేపలన్నీ నీళ్ళు పైనుంచి పడే చోట గుంపుగా చేరి, నోరు పైకెత్తి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. ఒకదాన్ని తొట్టెలోకి తీసుకుని మొప్ప కాస్త ఎత్తి చూశాను. ఎర్రగా ఉండాల్సిన మొప్ప కాఫీ రంగులో ఉంది. టెస్ట్ కిట్ తెచ్చి చూస్తే నైట్రైట్ గొట్టం ముదురు ఊదా రంగుకు తిరిగింది. ఆరు చేపల్లో రెండే మిగిలాయి. కొలనులో నీళ్ళు మాత్రం అప్పటికీ తేటగానే ఉన్నాయి.

అందుకే ఫిల్టర్ గురించి ఎవరు అడిగినా ముందు ఈ ఒక్క మాట చెబుతాను. నీళ్ళు తేటగా ఉండటం వేరు, చేపకు బతకదగ్గవిగా ఉండటం వేరు. రెండోది కావాలంటే ఫిల్టర్ సైజును వేసే మేతను బట్టి లెక్కగట్టాలి. మురికి కుళ్ళకముందే దాన్ని నీళ్ళలోంచి బయటకు తీసే దారి పెట్టాలి. ఈ రెండూ కుదిరితే తేటదనం దానంతట అదే వస్తుంది.

ముందు కాగితం మీద లెక్క

పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి, వచ్చినదాన్ని వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు అయితే 7,200 లీటర్లు. ఇక్కడి లెక్కలన్నీ ఈ కొలనును పట్టుకునే చెబుతాను, మీ కొలతలు మీరు వేసుకోండి. గోడలు వాలుగా ఉన్నా, ఆకారం వంకర టింకరగా ఉన్నా, మొదటిసారి నింపేటప్పుడు వాటర్ మీటర్ రీడింగు రాసి పెట్టుకోండి. తర్వాత మందు వేయాలన్నా, ఉప్పు వేయాలన్నా ఆ అంకె మీదే ఆధారపడాలి. ఉజ్జాయింపుగా వేసిన మందు చేపల్ని చంపిన సందర్భాలు నాకు తెలుసు.

ఎన్ని చేపలు? కొనేటప్పుడు అరచేతిలో పట్టే కోయి కొన్నేళ్ళలో అర మీటరు దాటుతుంది. ఎదిగిన చేప ఒక్కోదానికి కనీసం 1,000 లీటర్లు ఉండాలని నేను పెట్టుకున్న నియమం. అంటే మన ఉదాహరణ కొలనులో ఆరు, మహా అయితే ఏడు. చిన్న పిల్లలే కదా అని ఇరవై వేస్తే, అవి ఎదిగేకొద్దీ ఏ ఫిల్టరూ తట్టుకోలేదు.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. కిలో బరువున్న ఆరు కోయిలకు రోజుకు సుమారు 80 గ్రాముల మేత పడుతుందనుకుందాం. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత కిలోకు 32 గ్రాముల చొప్పున అమ్మోనియా నైట్రోజన్ నీళ్ళలో కలుస్తుంది. అంటే 80 గ్రాములకు రెండున్నర గ్రాములు. వినడానికి చిటికెడే. కానీ 7,200 లీటర్లలో అది రోజుకు లీటరుకు 0.35 మిల్లీగ్రాముల చొప్పున పేరుకుంటుంది. ఫిల్టర్ లేకపోతే మూడు రోజుల్లో 1 దాటుతుంది. చేపలు సుఖంగా ఉండాలంటే ఈ అంకె సున్నాకు అంటిపెట్టుకుని ఉండాలి.

ఈ రెండున్నర గ్రాముల్ని గుర్తుపెట్టుకోండి. బ్యాక్టీరియా గది సైజు, గాలి, నీళ్ళ మార్పిడి, అన్నీ దీన్నుంచే లెక్కగడతాం.

నీళ్ళలో ఏం జరుగుతుంది

చేప అమ్మోనియాను ఎక్కువగా మొప్పల ద్వారా వదులుతుంది. మిగిలిన మేత, పెంట, రాలిన ఆకులు కుళ్ళినా అమ్మోనియానే వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. నైట్రైట్ రక్తంలోకి వెళ్ళి, ఆక్సిజన్ మోసే శక్తిని తీసేస్తుంది. నేను చూసిన కాఫీ రంగు మొప్ప అదే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ బాగా పేరుకుంటే తప్ప పెద్దగా హాని చేయదు.

అమ్మోనియా ఎంత ప్రమాదమనేది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) మీద ఆధారపడి ఉంటుంది. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతం కూడా ఉండదు. 8 అయితే 5 శాతం. 9 అయితే 35 శాతం దాటుతుంది. ఎండ కాసిన రోజు నాచు ఎక్కువున్న కొలనులో సాయంత్రానికి పీహెచ్ బాగా పైకి పోతుంది. ఉదయం టెస్ట్ చేసి "అంతా బాగానే ఉంది" అనుకునేవాళ్ళకు మధ్యాహ్నం నుంచి చేపలు ఎందుకు డల్‌గా ఉంటున్నాయో అర్థం కానిది అందుకే. టెస్ట్ సాయంత్రం చేయండి.

గ్రావిటీతో రప్పించాలా, పంపుతో తోడాలా

కొలను ఇంకా కట్టకపోతే ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. తర్వాత మార్చడం చాలా కష్టం.

ఒక పద్ధతిలో పంపు కొలను అడుగునే కూర్చుని నీళ్ళను ఫిల్టర్‌లోకి తోస్తుంది. పెట్టడం సులువు. కానీ పంపులోంచి వెళ్ళేసరికి చేప పెంట మిక్సీలో వేసినట్టు పొడి పొడి అయిపోతుంది. ముద్దగా ఉన్నప్పుడు తేలిగ్గా పట్టుకోగలిగిన మురికి పొడి అయ్యాక ఏ గదిలోనూ ఆగదు.

రెండో పద్ధతిలో కొలను అడుగు మధ్యలో బాటమ్ డ్రెయిన్ పెడతారు. అక్కడి నుంచి పైపు నేల కింద ఫిల్టర్ గదికి వెళుతుంది. ఫిల్టర్‌లో నీటి మట్టం, కొలనులో నీటి మట్టం ఒకటే. పంపు అన్నిటికంటే చివర కూర్చుని శుభ్రమైన నీళ్ళను వెనక్కి పంపుతుంది. అది లాగినంత నీరు డ్రెయిన్ నుంచి దానంతట అదే వస్తుంది. పెంట ముద్దగానే మొదటి గదికి చేరుతుంది. కొత్తగా కట్టేవాళ్ళకు నేను ఈ పద్ధతే చెబుతాను, రెండో మాట లేదు.

డ్రెయిన్ పైపు విషయంలో చాలామంది "పెద్దదైతే మంచిదే కదా" అంటారు. పూర్తిగా నిజం కాదు. నాలుగు అంగుళాల పైపులో గంటకు 10,000 లీటర్లు పోతుంటే నీటి వేగం సెకనుకు 35 సెంటీమీటర్లు ఉంటుంది, మురికి కొట్టుకుపోతుంది. అదే పైపులో 3,600 లీటర్లే పోతే వేగం మూడో వంతు, మురికి దారిలోనే కూర్చుంటుంది. మన ఉదాహరణ కొలనుకు మూడు అంగుళాల పైపు నయం. ఎంత పైపైనా ఫిల్టర్ చివర వాల్వు పెట్టి, వారానికోసారి ఒక్కసారిగా తెరిచి పైపును కడిగేయాలి. ఆ మొదటి పది సెకన్లలో వచ్చే నల్లటి నీళ్ళను చూస్తే ఆ వాల్వు ఎందుకు పెట్టామో తెలుస్తుంది.

ఇప్పటికే డ్రెయిన్ లేకుండా కట్టేసిన కొలనైతే, పంపును అడుగున పెట్టి నీళ్ళను ముందు జల్లెడ ఫిల్టర్‌కు పంపండి. వాలుగా ఉన్న సన్నటి స్టీలు కమ్మీల జల్లెడ మీద నీళ్ళు జారి కిందికి పోతాయి, మురికి పైనే ఆగుతుంది. దాన్ని రోజూ తుడిచేయాలి. పొడి అయిన మురికిలో సన్నది తప్పించుకుంటుంది గానీ, ఉన్నంతలో ఇదే మంచి దారి.

నీటి పైభాగానికి స్కిమ్మర్ ఒకటి ఉంటే ఆకులు, పుప్పొడి, జిడ్డు అడుగుకు చేరకముందే పోతాయి. చెట్ల కింద కొలనుకు ఇది తప్పనిసరి.

మురికి పట్టే గది

నా అనుభవంలో ఫిల్టర్ బాగా పనిచేయడం, చేయకపోవడం ఇక్కడే తేలిపోతుంది. ఈ గది బాగుంటే బ్యాక్టీరియా గదిని నెలల తరబడి ముట్టుకోనక్కర్లేదు.

చేతితో కట్టుకోగలిగిన వాటిలో రేడియల్ ఫ్లో గది నాకు అన్నిటికంటే ఇష్టం. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి చాలు. డ్రమ్ములో ఇంతకుముందు తినే పదార్థాలు తప్ప ఇంకేమీ నిల్వ చేసి ఉండకూడదు. పురుగుమందు, రసాయనాలు పెట్టిన డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా వద్దు.

లోపలి ఏర్పాటు ఇలా ఉంటుంది. కొలను నుంచి వచ్చే పైపు డ్రమ్ము పక్కనుంచి లోపలికి వచ్చి, మధ్యలో ఎల్బోతో పైకి తిరుగుతుంది. దాని మూతి నీటి మట్టానికి ఒక జానెడు కింద ఉండాలి. ఆ పైపు చుట్టూ 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం ఒకటి నిలబెట్టాలి. అడుగు కోసేసిన పొడుగాటి బకెట్ అయినా సరిపోతుంది. దాని పై అంచు నీటి పైన, కింది అంచు నీటి లోతులో సగం దాకా ఉండాలి. నీళ్ళు మధ్య పైపులోంచి పైకి వచ్చి, గొట్టం గోడల మధ్య కిందికి తిరిగి, దాని కింది అంచు దాటి, మళ్ళీ నెమ్మదిగా డ్రమ్ము అంచుల వైపు పైకి లేస్తాయి. బరువున్న మురికి ఆ మలుపు దగ్గర నీళ్ళతో పైకి లేవలేక అడుగుకు జారుతుంది. శుభ్రమైన నీళ్ళు పై అంచు దగ్గరున్న నాలుగు అంగుళాల పైపు ద్వారా తర్వాతి గదికి పోతాయి. అడుగున రెండు అంగుళాల వాల్వు, మడ్డి బయటకు పోవడానికి. కోన్ ఆకారపు అడుగున్న ట్యాంకు దొరికితే అదే మేలు. చదును అడుగు అయితే డ్రమ్మును వాల్వు వైపు కాస్త వంచి కూర్చోబెట్టండి.

ఇది పనిచేయాలంటే నీళ్ళు పైకి లేచే వేగం తక్కువగా ఉండాలి. డ్రమ్ము అడ్డకోత వైశాల్యం సుమారు 0.26 చదరపు మీటర్లు. మధ్య గొట్టం తీసేస్తే 0.22 మిగులుతుంది. గంటకు 3,600 లీటర్లు పంపితే నీళ్ళు సెకనుకు నాలుగున్నర మిల్లీమీటర్ల వేగంతో లేస్తాయి, పెంట కూర్చుంటుంది. అదే డ్రమ్ములోంచి 10,000 లీటర్లు పంపితే వేగం 12 మిల్లీమీటర్లు దాటుతుంది, మురికంతా పైకి కొట్టుకొచ్చి తర్వాతి గదిలో పడుతుంది. "నేనూ డ్రమ్ము పెట్టాను, పనిచేయలేదు" అనేవాళ్ళను అడిగితే నూటికి తొంభై మంది పెద్ద పంపు పెట్టినవాళ్ళే. 200 లీటర్ల డ్రమ్ముకు గంటకు 3,000 నుంచి 4,000 లీటర్లు హద్దు. అంతకు మించితే రెండు డ్రమ్ములు పక్కపక్కన పెట్టి నీళ్ళను సగం సగం పంచండి, లేదా ఇంకా వెడల్పైన ట్యాంకు చూడండి.

సన్న మురికి ఇక్కడ ఆగదు. దానికి రెండో డ్రమ్ములో ఫిల్టర్ బ్రష్షులు వేలాడదీసినా, జపనీస్ మ్యాట్ (గరుకు పీచు చాప) ముక్కలు నిలబెట్టినా చాలు.

బజారులో దొరికే వాటి గురించి నా అభిప్రాయం చెబుతాను. తిరిగే డ్రమ్ ఫిల్టర్లు 60 నుంచి 70 మైక్రాన్ల సన్నటి జాలితో మురికిని పట్టి, జాలి మూసుకుపోగానే తమంతట తామే కడిగేసుకుంటాయి. ఖర్చు పెట్టగలిగితే అంతకంటే హాయి లేదు. కడగడం మరిచిపోయే అలవాటున్నవాళ్ళకు మరీను. ప్రెషర్ బీడ్ ఫిల్టర్లు (మూసిన ట్యాంకులో ప్లాస్టిక్ పూసల గుండా నీళ్ళను తోసేవి) తక్కువ చోటులో ఇముడుతాయి. కానీ పట్టిన మురికి వెనక్కి కడిగేదాకా నీటి దారిలోనే నానుతూ ఉంటుంది. వారానికి కనీసం రెండుసార్లు కడగకపోతే లాభం లేదు. స్విమ్మింగ్ పూల్‌కు వాడే ఇసుక ఫిల్టర్ కోయి కొలనుకు పనికిరాదు. చేప పెంటలోని జిగురుకు ఇసుక గడ్డకట్టి, నీళ్ళు ఒకే సందులోంచి దూరి పోతాయి.

బ్యాక్టీరియా గది

బ్యాక్టీరియా నీళ్ళలో తేలదు, ఏదో ఒకదానికి అంటుకుని జిగట పొరలా పెరుగుతుంది. అందుకే తక్కువ చోటులో ఎక్కువ ఉపరితలం ఇచ్చే మీడియా, అంటే బ్యాక్టీరియా అంటుకునే ముక్కలు, వాడతాం. మన రెండున్నర గ్రాముల అమ్మోనియాకు ఎంత కావాలో చూద్దాం. చదరపు మీటరుకు రోజుకు 0.2 గ్రాములు అని జాగ్రత్తగా లెక్కేస్తే 12.5 చదరపు మీటర్లు కావాలి. కే1 లాంటి చిన్న ప్లాస్టిక్ చక్రాల మీడియా ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్ల ఉపరితలం ఇస్తుంది. అంటే 25 లీటర్ల మీడియా. దాన్ని రెట్టింపు చేసి 50 లీటర్లు వేయండి. చేపలు ఎదుగుతాయి, మేత పెరుగుతుంది, చలికాలంలో బ్యాక్టీరియా పని మందగిస్తుంది.

ఈ 50 లీటర్లను 200 లీటర్ల మూడో డ్రమ్ములో వేసి, అడుగున ఎయిర్ స్టోన్ పెట్టి గాలి వదలాలి. చక్రాలు కుండలో అన్నం ఉడుకుతున్నట్టు పైకీ కిందికీ దొర్లుతుండాలి. ఇదే మూవింగ్ బెడ్. దొర్లడం వల్ల పాత జిగట పొర రాలిపోయి కొత్తది పెరుగుతుంది, గదిని కడగాల్సిన పని ఉండదు. కొత్త చక్రాలు మొదట తేలిపోయి ఒక మూల గుమిగూడతాయి, దొర్లవు. కంగారు పడకండి. రెండు మూడు వారాల్లో పొర కట్టి బరువెక్కాక వాటంతట అవే కదులుతాయి. బయటకు పోయే పైపు మూతికి చక్రాలు దాటలేని జాలి తప్పకుండా పెట్టండి. ఒక్క చక్రం పంపులో దూరినా తర్వాత పడే అవస్థ అంతా ఇంతా కాదు.

గాలి ఎంత ముఖ్యమో ఇంకో లెక్క చెబుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్‌గా మార్చడానికి బ్యాక్టీరియాకు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. మన కొలనుకు రోజుకు 11 గ్రాములకు పైనే. అదంతా చేపలు పీల్చుకునేదానికి అదనం. పైగా వేడి పెరిగేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ నిలిచే శక్తి తగ్గిపోతుంది. కాబట్టి ఎయిర్ పంపు దగ్గర పొదుపు చూడకండి.

చోటు పైకి ఉంటే షవర్ ఫిల్టర్ కూడా మంచిదే. చిల్లుల ట్రేలలో మీడియా పేర్చి, నీళ్ళను పైనుంచి వర్షంలా పోయడం. గాలి బాగా కలుస్తుంది, బొగ్గుపులుసు వాయువు బయటకు పోతుంది. చప్పుడు, నీళ్ళు ఆవిరి కావడం దాని లోపాలు.

పంపు, గాలి, యూవీ

కొలను నీళ్ళన్నీ రెండు గంటలకోసారైనా ఫిల్టర్ గుండా తిరగాలి. మన కొలనుకు గంటకు 3,600 లీటర్లు. పంపు డబ్బా మీద రాసి ఉండే అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. నీళ్ళను మీటరు ఎత్తుకు లేపి, నాలుగు ఎల్బోలు తిప్పి పంపితే ఎంత వస్తుందో డబ్బా మీద ఉండే గ్రాఫులో చూసుకోండి. అమర్చాక ఒక బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో కొలవండి. 20 లీటర్ల బకెట్ 20 సెకన్లలో నిండితే గంటకు 3,600 లీటర్లు వస్తున్నట్టే.

యూవీ దీపం నీళ్ళలో తేలే పచ్చ నాచును చంపుతుంది. గోడకు పట్టిన పీచు నాచును ఏమీ చేయదు, అమ్మోనియానూ ఏమీ చేయదు. 1,000 లీటర్లకు 2 నుంచి 3 వాట్లు సరిపోతుంది. మురికి పట్టే గది తర్వాతే పెట్టాలి. దీపం వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి దాని శక్తి బాగా పడిపోతుంది, కాబట్టి ఏటా మార్చాలి. వెలుగుతున్న దీపాన్ని నేరుగా చూడకండి, కళ్ళకు హాని.

కరెంటు విషయంలో రాజీ వద్దు. కొలను దగ్గరి లైనంతటికీ 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) పెట్టించండి, ఎర్తింగ్ సరిచూపించండి. నీళ్ళలో చేయి పెట్టే ముందు స్విచ్చు కట్టేయడం అలవాటు చేసుకోండి. ఎయిర్ పంపు నీటి మట్టానికి పైన ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులోకి చేరతాయి.

కట్టే పని

డ్రమ్ములు మూడూ ఇటుకలతో కట్టిన గుంతలో, గట్టి అడుగు మీద కూర్చోవాలి. నేరుగా మట్టిలో పాతితే, కడగడానికి ఖాళీ చేసిన రోజు మట్టి నెట్టి డ్రమ్ము సొట్టలు పడుతుంది, లేదా వర్షాకాలంలో కింద నీరు ఊరి పైకి తేలుతుంది. డ్రమ్ముల పై అంచు కొలను నీటి మట్టం కంటే 10 సెంటీమీటర్లయినా ఎత్తు ఉండాలి. పంపు నడుస్తున్నప్పుడు ఒక్కో డ్రమ్ములో నీరు కాస్త కాస్త దిగి ఉంటుంది. పంపు ఆగగానే అన్నీ కొలనుతో సమానమవుతాయి. ఆ ఎత్తు లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ కొలను నీళ్ళు గుంతలోకి పొంగుతాయి. ఎత్తులు చూడటానికి పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి చూసే పాత పద్ధతే నమ్మకమైనది.

డ్రమ్ముల మధ్య పైపులు నాలుగు అంగుళాలవే వేయండి, ఒక్క సైజు కూడా తగ్గించవద్దు. డ్రమ్ముల మధ్య గ్రావిటీతో పోయే నీటికి సన్న పైపు ఎక్కడున్నా అదే అడ్డు. రంధ్రాలు హోల్ సాతో కోసి, రబ్బరు వాషరున్న ట్యాంక్ నిపుల్స్ బిగించండి. సిలికాన్ మీద ఆధారపడకండి, ఈ రకం ప్లాస్టిక్‌కు అది అంటుకోదు. ఆరు నెలలకే ఊడి కారుతుంది. రాగి, జింకు పూత పూసిన ఇనుము నీళ్ళకు తగిలే చోట ఎక్కడా ఉండకూడదు, రెండూ చేపలకు విషం. గుంతలో ఒక మూల పల్లం ఉంచి, వాల్వులు తెరిచినప్పుడు వచ్చే మడ్డి నీళ్ళు బయటకు పోయే దారి చూడండి. ఆ నీళ్ళు మొక్కలకు చక్కటి ఎరువు.

చేపలు లేకుండా రెండు రోజులు నీళ్ళతో నడిపి, ప్రతి జాయింటు కింద పొడి కాగితం పెట్టి చూడండి. కొత్త సిమెంటు కొలనైతే సున్నం దిగి పీహెచ్ 9 దాటుతుంది. పూత వేయకుండా, లేదా బాగా నానబెట్టి నీళ్ళు మార్చకుండా చేపల్ని వేయకండి.

ఫిల్టర్ పండేదాకా ఆగడం

కట్టిన రోజు అది ఖాళీ డ్రమ్ముల వరుస మాత్రమే. బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. ఈ ఆగడమే అందరికీ కష్టం, నా నాలుగు చేపలు పోయిందీ ఇక్కడే.

కుళాయి నీళ్ళైతే ముందు క్లోరిన్ తీయాలి. మామూలు క్లోరిన్ గాలి కొడితే పోతుంది. క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అలా పోదు, దానికి సోడియం థయోసల్ఫేట్ లాంటి మందు వేయాలి. దాన్ని విడగొట్టినప్పుడు అమ్మోనియా మిగులుతుందని కూడా గుర్తుంచుకోండి.

చేపలు వేయకుండానే ఫిల్టర్‌ను పండించడం ఉత్తమం. 7,200 లీటర్లకు 50 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ కలిపితే అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గరకు వస్తుంది. రెండు రోజులకోసారి టెస్ట్ చేసి పుస్తకంలో రాయండి. మొదటి వారమంతా అంకె కదలదు, ఏదో తప్పు చేశామనే టెన్షన్ వస్తుంది. తర్వాత అమ్మోనియా దిగుతూ నైట్రైట్ లేస్తుంది. అది చాలా రోజులు పైనే ఉండి, ఒక రోజు ఉన్నట్టుండి పడిపోతుంది. అమ్మోనియా దిగినప్పుడల్లా మళ్ళీ కొంచెం వేస్తుండండి. వేసిన 2 మిల్లీగ్రాములు 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే ఫిల్టర్ పండినట్టు. తెలిసినవాళ్ళ ఆరోగ్యమైన కొలను నుంచి కొన్ని పాత చక్రాలు తెచ్చి వేస్తే పని సగం రోజుల్లో అవుతుంది. కానీ ఆ కొలనులో ఈమధ్య రోగం ఏదీ లేదని గట్టిగా తెలిస్తేనే.

చేపలు ఉండగానే నైట్రైట్ లేస్తే మేత ఆపండి, నీళ్ళు మార్చండి, 1,000 లీటర్లకు కిలో చొప్పున ఏమీ కలపని ఉప్పు వేయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి దూరనివ్వదు. ఆ రోజు నాకు ఈ సంగతి తెలియదు.

రోజువారీ పని

మొదటి డ్రమ్ము వాల్వు రోజు విడిచి రోజు అర నిమిషం తెరవండి. బ్రష్షులు, మ్యాట్లు నెలకోసారి దులపండి. కొలను నీళ్ళు బకెట్లో తీసుకుని అందులోనే దులపాలి. కుళాయి పైపు కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చి, ఫిల్టర్ మళ్ళీ మొదటికొస్తుంది. చక్రాలున్న డ్రమ్ము జోలికి వెళ్ళకండి.

వారానికి 20 శాతం నీళ్ళు మార్చాలనేది నా పద్ధతి, దానికీ కారణముంది. మన మేత లెక్క ప్రకారం వారానికి లీటరుకు 11 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతుంది. వారానికి 10 శాతం మారిస్తే అది పేరుకుంటూ పోయి 110 దగ్గర నిలుస్తుంది. 20 శాతం మారిస్తే 55 దగ్గరే ఆగుతుంది.

చాలామంది అసలు చూడనిది కేహెచ్, అంటే నీళ్ళలోని క్షారత. బ్యాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు ఏడు గ్రాముల క్షారతను తినేస్తుంది. మన కొలనులో రోజుకు లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు, నెలకు 75. మెత్తటి నీళ్ళైతే రెండు నెలల్లో అడుగంటిపోతుంది. ఆ తర్వాత ఒక్క రాత్రిలో పీహెచ్ కూలిపోతుంది, దానితో బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. కేహెచ్ లీటరుకు 100 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోండి. 1,000 లీటర్లకు 30 గ్రాముల వంటసోడా వేస్తే 18 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఒక్కసారి కాకుండా రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా వేయండి.

కరెంటు గంటల తరబడి పోతే ముందు గాలి సంగతి చూడండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉండాలి. మూత బిగించిన ఫిల్టర్లలో నీళ్ళు కదలక కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ అయిపోయి లోపల కుళ్ళు మొదలవుతుంది. కరెంటు రాగానే పంపు వేసేయకుండా, ముందు ఆ ఫిల్టర్‌లోని నీళ్ళు వాల్వు ద్వారా బయటకు వదిలేయండి. వాసన చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే ఆ నీళ్ళు ఒక్క చుక్క కూడా కొలనులోకి పోకూడదు. తర్వాత మూడు రోజులు మేత సగానికి తగ్గించి, రోజూ సాయంత్రం అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా చూపించాకే మేతను పాత కొలతకు తీసుకురండి.